‘ఆరోగ్యం’ అనే మాటకు అర్థం ఎలా మారుతూ వచ్చింది? పల్లెలో చెప్పడానికి మీ సాయం కావాలి

జీవశాస్త్రం మేడమ్ (తిరుపతి):

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో ఒక డిగ్రీ కళాశాలలో జంతుశాస్త్రం బోధిస్తున్నాను. వచ్చే నెల మా జాతీయ సేవా పథకం విద్యార్థులు పాకాల వైపు ఒక పల్లెలో వారం రోజుల శిబిరం పెట్టుకుంటున్నారు. అందులో ఒక సాయంత్రం ‘ఆరోగ్యం: నాడు, నేడు’ అనే విషయం మీద ఊరివాళ్ళతో మాట్లాడే పని నాకు అప్పగించారు. సిద్ధం కావడానికి నాలుగైదు పాఠ్యపుస్తకాలు తిరగేశాను. అన్నింట్లోనూ ఒకటే వరుస కనిపించింది: పూర్వం రోగాన్ని దేవతల కోపం అనుకున్నారు, తర్వాత సూక్ష్మజీవులు బయటపడ్డాయి, తర్వాత మందులూ టీకాలూ వచ్చాయి, ఇప్పుడు జీవనశైలి ముఖ్యమని తెలుసుకున్నాం. అంటే మెట్టు మీద మెట్టు ఎక్కుతూ వచ్చామని, ఇప్పుడు పైమెట్టు మీద నిలబడ్డామని అర్థం.

అలాగే చెప్పేద్దామనుకున్నాను కానీ, శిబిరం ఏర్పాట్లు చూడడానికి మొన్న ఆ ఊరికి వెళ్ళినప్పుడు ఆరోగ్య కేంద్రంలో ఒక చిన్న సంఘటన జరిగింది. అరవై దాటిన ఒకామె రక్తపోటు మాత్రల కోసం వచ్చింది. మాత్రలు చేతికిస్తూ నర్సమ్మ, ‘రోజూ ఒక అరగంట నడవాలమ్మా’ అంది. ఆమె గోడకు ఆనుకుని నిలబడి, ‘పొద్దన లేచినకాడ్నించి నడస్తానే ఉండా గదమ్మా, ఇంకెక్కడ నడిచేది?’ అంది. తెల్లవారకముందే పాలకేంద్రానికి పాలు పోసి వస్తుందట, తర్వాత మామిడితోటలో కూలిపని, సాయంత్రం ఆవుకు గడ్డి. నర్సమ్మ నవ్వింది, నేనూ నవ్వాను. ఆమె నిలబడ్డ గోడ మీదే ‘మీ ఆరోగ్యం మీ చేతుల్లోనే’ అన్న రంగుల కాగితం అంటించి ఉంది. ఇంటికి వచ్చాక నా నవ్వు నాకే నచ్చలేదు.

అందుకని నా ప్రశ్నలు ఇవి. ఆరోగ్యం గురించిన ఆలోచన నిజంగా అలా ఒకే దారిలో ముందుకు నడిచిందా? అది ఎవరి చేతుల్లోనో కాక ‘మీ చేతుల్లోనే’ ఉందన్న మాట ఎప్పుడు, ఎక్కడినుంచి వచ్చింది? ‘హెల్త్ ప్రమోషన్’ (ఆరోగ్యాన్ని పెంపొందించడం) అన్నది రోగనివారణ కంటే వేరే విషయమా, లేక దానికే పెట్టిన కొత్త పేరా? తెలిసినవారు కాస్త విడమరిచి చెప్పగలరు.

స్వస్థవృత్తం (తిరుపతి):

మేడమ్ గారూ, నేను ఆయుర్వేద విద్యార్థులకు స్వస్థవృత్తం అనే పాఠ్యాంశం, అంటే ఆరోగ్యంగా ఉన్నవాడు అలాగే ఉండడానికి పాటించవలసిన పద్ధతులు, బోధిస్తాను. మొదట మాట సంగతి చూద్దాం. ‘ఆరోగ్యం’ నిజానికి లేమిని చెప్పే మాట. రోగం లేనివాడు అరోగుడు, అతని స్థితి ఆరోగ్యం. ‘స్వస్థుడు’ అలా కాదు. తనలో తాను కుదురుగా ఉన్నవాడు స్వస్థుడు, కాబట్టి అది ఉనికిని చెప్పే మాట. ఇళ్ళలో మనం ‘కులాసానా’ అని అడిగేటప్పుడు ఈ రెండో అర్థంలోనే అడుగుతాం. ఎదుటివాడికి జ్వరం లేకపోయినా కులాసాగా లేకపోవచ్చునని అడిగేవాడికి తెలుసు.

సుశ్రుత సంహిత సూత్రస్థానం 15వ అధ్యాయంలో స్వస్థుడి లక్షణం ఉంది. దోషాలు (వాతం, పిత్తం, కఫం), జఠరాగ్ని (అరిగించే శక్తి), ధాతువులు (రక్తమాంసాల వంటివి), మలాల పని సమంగా ఉండి, ఆత్మా ఇంద్రియాలూ మనసూ ప్రసన్నంగా ఉన్నవాడే స్వస్థుడని దాని సారం. ప్రపంచ ఆరోగ్య సంస్థ రాజ్యాంగం మీద 1946 జూలైలో సంతకాలు జరిగాయి, 1948 ఏప్రిల్ 7న అది అమల్లోకి వచ్చింది. అందులో ఆరోగ్యమంటే కేవలం రోగం, దౌర్బల్యం లేకపోవడం కాదని, శారీరకంగా, మానసికంగా, సామాజికంగా సంపూర్ణమైన క్షేమస్థితి అని రాశారు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి, ‘చూశారా, మనవాళ్ళు ఎప్పుడో చెప్పారు’ అని సభల్లో చప్పట్లు కొట్టించుకోవడం మామూలే. మా తరగతిలో మాత్రం నేను దాన్ని ఒప్పుకోను. సుశ్రుతుడి లక్షణం ఒక మనిషిని గురించినది. ‘సామాజికంగా’ అన్న మాట అందులో లేదు. దినచర్యలో చెప్పిన అభ్యంగనం, వ్యాయామం, స్నానం, కాలానికి తగిన భోజనం ఇవన్నీ తీరికా కలిమీ ఉన్న గృహస్థుణ్ణి దృష్టిలో పెట్టుకుని చెప్పినవి. మీరు చూసిన ఆ పెద్దామెకు రోజూ ఒళ్ళంతా నూనె రాసుకుని నానే తీరిక ఎక్కడిది?

అయితే అదే సంప్రదాయంలో ఇంకొక ఆలోచన కూడా ఉంది, దాన్ని మేము తక్కువగా చెబుతాం. చరక సంహిత విమానస్థానం మూడో అధ్యాయంలో జనపదోధ్వంసం, అంటే ఊళ్ళకు ఊళ్ళు నాశనం కావడం, అనే చర్చ వస్తుంది. ఒక్కొక్కరి ప్రకృతి వేరు, తిండి వేరు, వయసు వేరు. అలాంటప్పుడు ఒకే రోగంతో ఒకే కాలంలో ఊళ్ళకు ఊళ్ళు ఎందుకు తుడిచిపెట్టుకుపోతాయి? అందరికీ ఉమ్మడిగా ఉండే గాలి, నీరు, నేల, కాలం చెడిపోవడం వల్ల అని సమాధానం. అవి చెడడానికి మూలం అధర్మమని, దేశాన్నీ నగరాన్నీ పాలించేవారు దారి తప్పడం దగ్గర అది మొదలవుతుందని కూడా అక్కడే ఉంది. దీనివల్ల చరకుడికి సూక్ష్మజీవులు తెలుసునని నేను అనను. మనిషిని చూసే చూపు, ఊరిని చూసే చూపు ఈ రెండూ ఆనాడే పక్కపక్కన ఉన్నాయని మాత్రం అంటాను. వెల్‌నెస్ పేరుతో ఇవాళ అమ్ముడుపోతున్నది మొదటిది ఒక్కటే.

పాత మలేరియా సూపర్‌వైజరు (చిత్తూరు):

అమ్మా, నేను ఆరోగ్యశాఖలో 1978లో కింది స్థాయి కార్యకర్తగా చేరి, సూపర్‌వైజరుగా పదవీ విరమణ చేశాను. శాస్త్రాలు నాకు తెలియవు. మా చేతులమీదుగా నడిచిన కార్యక్రమాల్లో ఆరోగ్యం అన్న మాటకు ఏం అర్థం ఉండేదో మాత్రం చెప్పగలను.

నా సంచిలో గాజుపలకల పెట్టె, సూదులు, దూది, స్పిరిట్ సీసా, మలేరియాకు ఇచ్చే క్లోరోక్విన్ మాత్రల డబ్బా, రిజిస్టరు, సుద్దముక్క ఉండేవి. పదిహేను రోజులకు ఒకసారి ప్రతి ఇంటికీ వెళ్ళాలి. ‘ఎవరికైనా జ్వరం వచ్చిందా, ఇప్పుడు ఉందా, ఊరినుంచి చుట్టాలు వచ్చారా’ అని అడగాలి. జ్వరం ఉన్నవాళ్ళ ఎడమచేతి ఉంగరపు వేలు పొడిచి, ఒకే పలక మీద నెత్తురు ఒకచోట చుక్కగా, ఇంకొకచోట పలచగా పరచాలి. నాలుగు మాత్రలు నా ఎదుటే మింగించాలి. బయటికొచ్చేటప్పుడు గోడ మీద తేదీ వేసి పొట్టి సంతకం చేయాలి. జ్వరం లేనివారు మా లెక్కలో ఆరోగ్యవంతులు. పిల్లవాడు ఎండిపోయి పుల్లలా ఉన్నా, ఆ ఇంటి ఆడమనిషి నెత్తురు లేక పాలిపోయి ఉన్నా మా రిజిస్టరులో దానికి గడి లేదు.

మలేరియా క్రిమిని దోమ కడుపులో రొనాల్డ్ రాస్ చూసింది మన సికింద్రాబాదులోనే, 1897 ఆగస్టు 20న. రోగానికి ఒక కారణం ఉంటుంది, దాన్ని కొడితే రోగం పోతుంది అన్న నమ్మకానికి అంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. దేశంలో మలేరియా నియంత్రణ కార్యక్రమం 1953లో, నిర్మూలన కార్యక్రమం 1958లో మొదలయ్యాయి. అంతకుముందు ఏటా ఏడున్నర కోట్ల మందికి వచ్చేదని అంచనా వేసిన జ్వరం 1965 నాటికి సుమారు లక్ష కేసులకు దిగింది. ఇది చిన్న విషయం కాదు, దాన్ని తీసిపారేసేవాళ్ళంటే నాకు కోపం వస్తుంది. కానీ 1976లో అదే జ్వరం 64 లక్షలు దాటింది. గోడలకు కొట్టే డీడీటీ అనే దోమలమందుకు దోమలు అలవాటు పడ్డాయి, మందు సరఫరా సన్నగిల్లింది, ఇక పోయిందిలే అని పైవాళ్ళు చేతులు దులుపుకున్నారు. నేను ఉద్యోగంలో చేరింది ఆ తిరుగుటపాకు కాస్త తర్వాత.

ఒక ఇల్లు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. సంక్రాంతికి సున్నం కొట్టుకున్న ఒంటిగది ఇల్లు. మందు కొట్టాలంటే కుండలు, బియ్యం, బట్టలు, పక్కలు అన్నీ వీధిలో పెట్టాలి, గోడలు మరకలు కట్టిపోతాయి, ఆ పూట కూలి పోతుంది. లోపల నెలల బిడ్డ ఉంది. ‘మీ మందుతో నల్లులు చావలా, ఎక్కువైనాయి’ అంటూ ఆమె గడపకు అడ్డంగా కూర్చుంది. నేను రిజిస్టరులో ‘సహకరించలేదు’ అని రాసి పక్క ఇంటికి వెళ్ళిపోయాను. నల్లుల సంగతి ఆమె చెప్పింది నిజమేనని, ఆ మందుకు నల్లులు లొంగడం మానేశాయని చాలాకాలానికి ఒక శిక్షణలో విన్నాను. అప్పట్లో జనం గురించి మాకున్న అవగాహన అంతా ఆ ‘సహకరించలేదు’ అన్న ఒక్క మాటలోనే ఉండేది.

నేను చేరిన సంవత్సరమే సెప్టెంబరులో, అప్పటి సోవియట్ యూనియన్‌లోని అల్మా-అటా నగరంలో ప్రపంచ దేశాల పెద్ద సమావేశం జరిగి, ‘2000 నాటికి అందరికీ ఆరోగ్యం’ అని ప్రకటించారు. ఆ నినాదాన్ని రెండు గోడల మీద నేనే దగ్గరుండి నీలం రంగుతో రాయించాను. ప్రజలు తమ ఆరోగ్యానికి సంబంధించిన ప్రణాళికలో పాలుపంచుకోవాలని ఆ ప్రకటనలో ఉందని మాకు ఎవరూ చెప్పలేదు. మాకు చేరినవి టార్గెట్లు. ఎన్ని ఆపరేషన్లు, ఎన్ని టీకాలు, ఎన్ని పలకలు. టీకాల విషయంలో ఆ పట్టుదల మంచే చేసిందని ఒప్పుకుంటాను. పోలియో పోయిందంటే ఆ పట్టుదల వల్లే. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల విషయంలో మాత్రం దానివల్ల జనానికి మా సంచి చూస్తేనే భయం పట్టుకుంది.

కొర్లగుంట ఆటో (తిరుపతి):

పెద్దలందరూ సమాజం, పాలకులు అంటున్నారు. నేను ఇరవై రెండేళ్ళు బీడీ తాగాను. ఒక డాక్టరుగారు మొహం మీదే కొట్టినట్టు చెప్పారు, నేను ఆ రోజే మానేశాను. మానింది నేను, ఏ ప్రభుత్వమూ వచ్చి నా నోట్లోనుంచి బీడీ తీయలేదు. మనిషి తన ఒళ్ళు తాను చూసుకోవాలి అని చెప్పడం తప్పెలా అవుతుందో నాకు అర్థం కాలేదు. ఆ పెద్దామె సంగతి వేరు, ఒప్పుకుంటాను.

ఆరోగ్యవరం మనవడు (మదనపల్లె):

ఒకే దారిలో నడిచిందా అని అడిగారు కాబట్టి, మా ఊరి కథ మీకు పనికొస్తుందనుకుంటున్నాను. మా తాతగారు ఆరోగ్యవరంలో క్షయ ఆసుపత్రి వంటశాలలో పనిచేశారు. అప్పటి చిత్తూరు జిల్లాలో మదనపల్లె పక్కన, కొన్ని క్రైస్తవ మిషన్లు కలిసి యూనియన్ మిషన్ పేరుతో నడిపిన శానిటోరియం, అంటే క్షయ రోగులను నెలల తరబడి ఉంచి చూసుకునే ఆసుపత్రి, అది. 1915 ప్రాంతం నుంచి డెన్మార్కు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ ఆధ్వర్యంలో పేరు తెచ్చుకుంది. క్షయకు మందే లేని ఆ రోజుల్లో ఆరోగ్యం అంటే ఒక స్థలం. మిట్ట నేల, పొడి గాలి, తెరిచి ఉన్న వరండాలో వరుసగా మంచాలు, పాలు, గుడ్లు, విశ్రాంతి, ఒళ్ళు కోలుకునే కొద్దీ కొలిచి పెంచే నడక. రోగి బరువు ఎంత పెరిగిందో వంటశాలకు కూడా తెలిసేదని, ఎవరి బరువైనా తగ్గితే వంటవాళ్ళు చిన్నబుచ్చుకునేవారని మా తాత చెప్పేవారు. ఊరి పేరులోనే ఆరోగ్యం ఉంది కదా, చిన్నప్పుడు నేను ఆ పేరు ఏ పురాణకాలం నాటిదో అనుకునేవాణ్ణి.

తర్వాత మందులు వచ్చాయి. 1940లలో స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనియాజిడ్. 1948లో దేశంలో క్షయ రాకుండా వేసే బీసీజీ టీకాలు మొదలైనప్పుడు మదనపల్లె పేరు ముందు వరుసలో ఉంది. 1956లో మద్రాసు చెట్‌పట్‌లో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం పెట్టి, 193 మంది రోగులను రెండు భాగాలు చేశారు. సగం మందిని శానిటోరియంలో మంచి తిండి, విశ్రాంతి, నర్సుల మధ్య ఉంచారు. సగం మందికి ఇరుకు ఇళ్ళలోనే, ఉన్న తిండితోనే అవే మందులు ఇచ్చారు. 1959లో ఫలితాలు వెలువడ్డాయి. ఇంట్లో ఉన్నవారికీ దాదాపు అంతే బాగా నయమైంది. ఇంట్లోని మిగతావారికి రోగం అంటడం కూడా ఎక్కువ కాలేదు. ప్రపంచంలో శానిటోరియంల కాలం ముగిసిపోవడానికి ఈ అధ్యయనం ఒక పెద్ద కారణం. పేదవాడికి ఇది గొప్ప మేలు. ఏడాదిపాటు పిల్లలను వదిలి మంచం మీద పడుకోవలసిన అవసరం లేకుండా పోయింది. ఇది ముందడుగు కాదని నేను ఎలా అనగలను?

కానీ ఆ మేలుతో పాటు ఇంకొకటి జరిగింది. మందు ఉంటే తిండి సంగతి పెద్దగా పట్టించుకోనక్కరలేదన్న ధీమా మెల్లగా స్థిరపడింది. ఆ అధ్యయనం అడిగిన ప్రశ్న, రోగం వచ్చినవాడికి మందు ఇంట్లో ఇస్తే నయమవుతుందా అని. రోగం అసలు ఎవరికి వస్తుంది అన్నది దాని ప్రశ్న కాదు. ఈ రెండో ప్రశ్నకు జవాబు కోసం చాలాకాలం ఆగాల్సి వచ్చింది. జార్ఖండ్‌లో క్షయ రోగుల ఇళ్ళలోని పదివేల పైచిలుకు మంది మీద చేసిన పరిశీలన 2023లో వెలువడింది. ఇంటిల్లిపాదికీ నెలనెలా బియ్యం, పప్పు, సూక్ష్మపోషకాలు ఇచ్చిన ఇళ్ళలో, రోగికి మాత్రమే తిండి ఇచ్చిన ఇళ్ళతో పోలిస్తే, కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. ప్రభుత్వం కూడా 2018 నుంచి క్షయ రోగులకు పోషణ కోసం నెలకు 500 రూపాయలు ఇస్తూ, 2024 నవంబరులో దాన్ని వెయ్యి చేసింది. మా తాత వంటశాల పొయ్యి మళ్ళీ వెలిగించినట్టే కదా. తేడా ఏమిటంటే, అప్పుడు ఆ గిన్నె రోగం వచ్చాక అందేది, ఇప్పుడు రాకముందే పక్కవాళ్ళకూ అందాలని తెలిసింది.

కాబట్టి మెట్ల వరుస అన్న పోలిక నాకు నచ్చదు. ఒక మెట్టు ఎక్కుతూ చేతిలో ఉన్నదాన్ని కింద పెట్టేసి, తర్వాత దానికోసం మళ్ళీ దిగి వచ్చాం.

సామాజిక వైద్యం (తిరుపతి):

ఆలస్యంగా చూశాను. వైద్య విద్యార్థులకు సామాజిక వైద్యం చెప్పే పనిలో ఉన్నాను కాబట్టి, మేడమ్ గారి రెండో ప్రశ్న, మూడో ప్రశ్న నేను తీసుకుంటాను.

1848లో అప్పటి ప్రష్యా రాజ్యంలోని ఎగువ సైలీషియా అనే పేద ప్రాంతంలో టైఫస్ జ్వరం చెలరేగినప్పుడు రుడాల్ఫ్ విర్కో అనే యువ జర్మన్ వైద్యుణ్ణి అక్కడికి పంపారు. మందుల పట్టిక రాసి తెస్తాడనుకుంటే ఆయన చదువు, భూమి, పన్నులు, స్వపరిపాలన గురించి రాసి తెచ్చాడు. అప్పటికి సూక్ష్మజీవుల సిద్ధాంతమే లేదు. 1882లో రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని చూపించాక చూపు మొత్తం సూక్ష్మదర్శిని వైపు తిరిగింది, విర్కో మాట వెనక్కి వెళ్ళింది. సూపర్‌వైజరు గారి రిజిస్టరులో జ్వరానికి గడి ఉండి ఆకలికి గడి లేకపోవడానికి మూలం అక్కడే ఉంది. అలాగని అందరూ మరిచిపోయారని కాదు. దేశ ఆరోగ్య వ్యవస్థ ఎలా ఉండాలో చెప్పడానికి బ్రిటిషు ప్రభుత్వం వేసిన భోర్ కమిటీ 1946లో రాసి ఇచ్చిన నివేదికలో ఇల్లు, తిండి, నీరు, మురుగు అన్నీ ఉన్నాయి. మనం దానిలోంచి కట్టడాలు తీసుకుని మిగతాది అటకమీద పెట్టాం.

‘హెల్త్ ప్రమోషన్’ అన్న మాటను వైద్యుడి మొదటి పనిగా పెట్టినవాడు హెన్రీ సిగరిస్ట్ అనే వైద్య చరిత్రకారుడు, 1940ల నడుమ. ఆయన దృష్టిలో దానికి అర్థం సరైన జీవన ప్రమాణం, పనిచేసే చోట మంచి పరిస్థితులు, చదువు, వ్యాయామం, విశ్రాంతి, వినోదం. గమనించండి, మొదట్లో ఆ మాటలో సలహా పాలు తక్కువ, సదుపాయం పాలు ఎక్కువ. రోగనివారణ అంటే ఫలానా రోగం రాకుండా చూడడం. ఇది అంతకంటే ముందు జరగవలసిన పని, ఏ ఒక్క రోగం పేరూ దాని మీద ఉండదు.

మరి ‘మీ చేతుల్లోనే’ ఎక్కడ మొదలైందంటే, అంటురోగాలు తగ్గి గుండెజబ్బులు పెరిగిన సంపన్న దేశాల్లో. 1948లో అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్ళో వేలమందిని ఏళ్ళ తరబడి గమనించడం మొదలుపెట్టి, రక్తపోటు, కొలెస్ట్రాల్, పొగాకు గుండెకు ముప్పని తేల్చారు. ఆ ముప్పులన్నీ ఒక్కొక్క మనిషి ఒంట్లో కొలవగలిగినవి కాబట్టి, వాటిని తగ్గించే బాధ్యత కూడా ఆ మనిషిదే అయింది. 1974లో కెనడా ఆరోగ్యమంత్రి మార్క్ లలోండ్ ఇచ్చిన నివేదిక ఆరోగ్యాన్ని నాలుగు భాగాలుగా చూడాలంది: శరీరధర్మం, పరిసరాలు, జీవనశైలి, వైద్యసేవలు. ఆస్పత్రులు పెంచితేనే ఆరోగ్యం పెరగదని ఒక ప్రభుత్వమే చెప్పడం అప్పట్లో పెద్ద విషయం. కానీ ఆ నాలుగింట్లో ప్రభుత్వాలకు చవగ్గా కనిపించింది జీవనశైలి. కాలువ తవ్వడం కంటే కరపత్రం వేయడం తేలిక కదా. దానికి దిద్దుబాటుగానే 1986 నవంబరు 21న కెనడా రాజధాని ఒట్టావాలో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో ఆమోదించిన పత్రం వచ్చింది. ప్రజలు తమ ఆరోగ్యం మీద తమ అదుపును పెంచుకుని దాన్ని మెరుగుపరచుకోగలిగేలా చేయడమే హెల్త్ ప్రమోషన్ అని అది చెప్పింది. ఆరోగ్యానికి ముందు ఉండవలసినవిగా శాంతి, నివాసం, విద్య, ఆహారం, ఆదాయం, సామాజిక న్యాయం వంటివి పేర్కొంది. మీ చేతుల్లోనే అన్న మాట ఇందులోనూ ఒక విధంగా ఉంది, అయితే ముందు ఆ చేతులకు ఏదైనా అందించాలని ఉంది.

ఊరివాళ్ళకు ఒట్టావా పేరు చెప్పకండి. అలిపిరి మెట్లు చెప్పండి. 3,550 మెట్లు. నడక గుండెకు మంచిదని అక్కడ ఎవరూ కరపత్రం పంచరు. దారిలో చాలా మేరకు పైకప్పు, తాగునీళ్ళు, మరుగుదొడ్లు, కూర్చోవడానికి అరుగులు, రాత్రి దీపాలు ఉన్నాయి, సామాను పైకి చేర్చే ఏర్పాటు ఉంది, పక్కన గోవింద అంటూ నడిచే తోడు ఉంది. మా అమ్మ తన వీధిలో కూరగాయల కొట్టుకు నడవడానికి భయపడుతుంది, ఎందుకంటే అక్కడ కాలిబాట లేదు, కుక్కలున్నాయి, బండ్లు మీదికి వస్తాయి. ఆమే ఏడాదికోసారి కొండ ఎక్కుతుంది, ఒక్కో మెట్టుకు పసుపు కుంకుమ పెట్టుకుంటూ. ఆమె సంకల్పం రెండు చోట్లా ఒకటే. గుండెజబ్బు, ఆయాసం ఉన్నవారు మెట్ల దారిన వెళ్ళవద్దని దేవస్థానం వారే చెబుతారు కాబట్టి, ఆ మాట కూడా కలిపి చెప్పండి.

తిండి సంగతి కూడా అంతే. ఈ జిల్లాలో రాగిసంగటి, ఊరిబిండి తిని పెరిగిన తరం, 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చాక అన్నానికి మారింది. ఆ బియ్యం కడుపులు నింపింది, దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు కడుపు నిండినవాళ్ళకు లేదు. కానీ ఇవాళ దేశంలో మధుమేహం ఉన్నవారు 10.1 కోట్లని, ఆ అంచున ఉన్నవారు 13.6 కోట్లని 2023లో లెక్క తేలింది. ఇప్పుడు అదే తరాన్ని కూర్చోబెట్టి ‘రాగులు తినండి’ అని మేము చీటీ రాసి ఇస్తున్నాం. వాళ్ళు మానేసింది మాట వినక కాదని చీటీ రాసేటప్పుడు గుర్తుంచుకోవాలి.

ఆటో అన్నగారికి ఒక మాట. బీడీ మానింది మీరే, ఆ గొప్ప మీదే. అయితే 2003లో పొగాకు చట్టం రావడం, 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ స్థలాల్లో పొగతాగడం మీద నిషేధం కట్టుదిట్టం కావడం, 2016 నుంచి పెట్టె మీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ వేయడం వీటివల్ల మీ తర్వాతివారికి మొదలుపెట్టడం కష్టమైంది. మీకు మానడానికి పట్టినంత మనోబలం వారికి అక్కరలేకుండా చేయడమే ఈ చట్టాల పని.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1948 నాటి నిర్వచనం మీద కూడా ఒక అభ్యంతరం ఉంది. ‘సంపూర్ణమైన క్షేమం’ అంటే బీపీ మాత్ర వేసుకునే ప్రతి పెద్దావిడా అనారోగ్యవంతురాలే అవుతుంది. మార్పులకు తట్టుకుని, సర్దుకుని, తన బతుకు తాను నడుపుకోగల శక్తినే ఆరోగ్యం అనాలని 2011లో కొందరు ప్రతిపాదించారు. మేడమ్ గారు చూసిన ఆమె ఈ కొలతకు మనలో చాలామంది కంటే బాగా నిలబడుతుందేమో. కానీ ఈ నిర్వచనాన్ని కూడా జాగ్రత్తగా వాడాలి. తట్టుకుంటోంది కదా అని మోయించడానికి అది సాకు కాకూడదు.

జీవశాస్త్రం మేడమ్ (తిరుపతి):

అందరికీ కృతజ్ఞతలు. నిన్న మళ్ళీ ఆ ఊరికి వెళ్ళాను. ఆ పెద్దామె ఇల్లు వెతుక్కుని వెళ్ళి, నడక సంగతి ఎత్తకుండా, రోజులో మీకు ఏది భారంగా ఉంటుందని అడిగాను. తోటపని కాదట. కొళాయి నీళ్ళు ఏ వేళకు వస్తాయో తెలియక రాత్రి రెండుసార్లు లేచి చూడడమట. ‘నిద్ర లేకుంటే తల తిరగతాది, మాత్ర మింగినా అంతే’ అంది. రక్తపోటుకూ నిద్రకూ ఉన్న సంబంధం నేను తరగతిలో చెబుతాను, కానీ దాన్ని నీళ్ళ కొళాయితో ఎన్నడూ కలపలేదు.

అందుకని ఉపన్యాసం మానేస్తున్నాను. ఆ సాయంత్రం ముందు ఆరోగ్యవరం కథ, తర్వాత అలిపిరి మెట్లు, ఆ తర్వాత ఊరివాళ్ళు మాట్లాడతారు. కొళాయి వేళల గురించి పంచాయతీ కార్యదర్శిని కూడా పిలిచాం, వస్తానన్నారు. సూపర్‌వైజరు గారూ, మీరు వచ్చి ఆ ‘సహకరించలేదు’ సంగతి మీ నోటితో చెబితే మా పిల్లలకు నా పాఠం కంటే బాగా అర్థమవుతుంది. రాగలరా?

పాత మలేరియా సూపర్‌వైజరు (చిత్తూరు):

వస్తానమ్మా. చిత్తూరు నుంచి పాకాలకు బస్సులకు కొదవ లేదు, అక్కడినుంచి ఎవరినైనా బండి మీద పంపితే చాలు. గాజుపలకల పెట్టె ఇంకా ఇంట్లోనే ఉంది, మా మనవరాలు అందులో గవ్వలు పెట్టుకుంది. అడిగి తెస్తాను.